ప్యానెల్ వచ్చింది సరే, అందులో ఏం చూపించాలి అని అడిగిన మేడమ్ గారికి

నమస్తే మేడమ్. మీరు అడిగింది ఇదీ: మీది జడ్పీ హైస్కూల్, రెండు ఐఎఫ్‌పి ప్యానెళ్లు (గోడకి పెట్టే పెద్ద టచ్ తెరలు), ఒక స్మార్ట్ టీవీ వచ్చాయి, నెట్ వస్తే వస్తుంది లేకపోతే లేదు, హెచ్ఎం గారు మిమ్మల్ని డిజిటల్ ఇన్‌చార్జ్ అనేశారు, ఇప్పుడు స్టాఫ్ అందరికీ ఇవ్వడానికి మంచి వెబ్‌సైట్ల లిస్ట్ కావాలి, వాటిలో ఏది పనికొస్తుందో ఎలా తేల్చుకోవాలో కూడా చెప్పమన్నారు. నేను ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ టాపిక్ వచ్చిన ప్రతిసారీ నన్నే లేపి మాట్లాడిస్తారు, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

లిస్ట్ ఇస్తా గానీ దాంతో మొదలుపెట్టకండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో నలభై లింకుల పీడీఎఫ్ పెడితే అందరూ ఓ దణ్ణం బొమ్మ పెడతారు, ఆ తర్వాత ఎవరూ తెరవరు, ఇది నేను చూసిన ప్రతి స్కూల్లోనూ జరిగింది. ముందు ఒక్కో టీచర్‌ని ఒకటే ప్రశ్న అడగండి, మీ సబ్జెక్టులో ప్రతి ఏడూ పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు, బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఏది అని. లెక్కల సార్ రుణ సంఖ్యలు అంటారు, బయాలజీ మేడమ్ రక్త ప్రసరణ అంటారు, సోషల్ వాళ్లు అక్షాంశాలు రేఖాంశాలు అంటారు. ఆ ఒక్క చోటుకి సరిపడా మూడు నాలుగు నిమిషాల సరుకు వెతకడమే మీ పని. మొత్తం పాఠానికి వీడియో వెతకొద్దు, పాఠం చెప్పడానికి మనం ఉన్నాం.

నా సబ్జెక్టులోదే చెప్తా. పదో తరగతి విద్యుత్ పాఠంలో రెండు బల్బులు శ్రేణిలో పెడితే మొదటి బల్బు కొంత కరెంట్ తినేస్తుంది, మిగిలింది రెండో దానికి పోతుంది అని పిల్లలు గట్టిగా నమ్ముతారు, పరీక్షలో సూత్రం కరెక్ట్‌గా రాసే పిల్లాడు కూడా లోపల అదే అనుకుంటాడు. దీనికి ఫెట్ అని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల సిమ్యులేషన్లు ఉన్నాయి, నోబెల్ వచ్చిన ఫిజిక్స్ ప్రొఫెసర్ కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టింది, పూర్తిగా ఉచితం, చాలా సిమ్యులేషన్లు తెలుగులో కూడా దొరుకుతాయి. అందులో డీసీ సర్క్యూట్ కిట్ తెరిచి 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు ఒకటి కలిపితే అమ్మీటర్ 0.9 ఆంపియర్ చూపిస్తుంది. ఇప్పుడు ఆపండి. రెండో బల్బు శ్రేణిలో పెడతా, మొదటి బల్బుకి ముందు ఎంత, రెండిటి మధ్య ఎంత, రెండోదాని తర్వాత ఎంత వస్తుందో నోట్‌బుక్‌లో రాసుకోండి, పక్కోడిది చూడొద్దు అనండి. రాశాకే పెట్టి చూపించండి. మూడు చోట్లా 0.45 వస్తుంది. అప్పుడు క్లాసులో వచ్చే గోల ఉంది చూడండి, పాఠం అంతా ఆ గోలలోనే ఉంది. ముందు ఊహ రాయించకుండా ఇదే సిమ్యులేషన్ చూపిస్తే మాత్రం బావుంది సార్ అని చూసి వెళ్లిపోతారు, ఏం మిగలదు. ఇంకో చిన్న సంగతి, ఆ కిట్ మామూలుగా ఎలక్ట్రాన్లు కదిలేది చూపిస్తుంది, మన పుస్తకంలో బాణం గుర్తు దానికి ఎదురు దిశలో ఉంటుంది కదా, పక్కన సంప్రదాయ విద్యుత్ దిశకి మార్చే ఆప్షన్ ఉంది, ముందే మార్చి పెట్టుకోండి, లేదంటే క్లాస్ మధ్యలో ఎవడో ఒకడు పట్టుకుంటాడు. అలా పట్టుకుంటే మంచిదే అనుకోండి.

ఇక ఎక్కడ వెతకాలి. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, అవి దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ పాఠాల ప్లాట్‌ఫామ్‌కి వెళ్తాయి, 2017 సెప్టెంబర్ 5న మొదలైంది ఇది. చాలామందికి తెలియనిది ఏంటంటే ఫోన్ స్కాన్ చేయకపోయినా పర్లేదు, క్యూఆర్ కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది దీక్ష వెబ్‌సైట్‌లో టైప్ చేస్తే చాలు, లాగిన్ కూడా అక్కర్లేదు. అయితే అందులో సరుకు ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్ని పాఠాలకి చక్కటి యానిమేషన్లు, కొన్నిటికి ఎవరో పుస్తకం చదువుతున్న వీడియో. ప్రభుత్వానిది కాబట్టి బాగుంటుందనీ అనుకోవద్దు, బాగోదనీ అనుకోవద్దు, చూసి తేల్చుకోవాల్సిందే.

తెలుగు, ప్రైమరీ క్లాసులకి నా మొదటి ఓటు స్టోరీవీవర్‌కి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన కథల సైట్ ఇది, తెలుగు కథలు దండిగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి లెవెల్స్ వేసి ఉంటాయి, పీడీఎఫ్ దింపుకుని ప్యానెల్ మీద పెద్దగా చూపించొచ్చు, ప్రింట్ తీయొచ్చు, మార్చి కూడా వాడుకోవచ్చు, లైసెన్స్ అలా ఇచ్చారు. ఆరో తరగతికి వచ్చి కూడా వాక్యం సరిగ్గా చదవలేని పిల్లలు మీ దగ్గరా ఉంటారు, వాళ్లకి మొదటి లెవెల్ పుస్తకం ఇస్తే చిన్నపిల్లల పుస్తకం అని మొహం మాడ్చుకుంటారు, అదే ప్యానెల్ మీద పెట్టి అందరిచేతా ఒక్కో పేజీ చదివిస్తే ఆ బాధ ఉండదు. తెలుగు పండిట్ గారికి ఆంధ్రభారతి నిఘంటువు చూపించండి, పద్యంలో పదం కొడితే పాత నిఘంటువుల అర్థాలన్నీ ఒకే చోట వస్తాయి, ఒకసారి అలవాటైతే ఆయనే మీకన్నా ఎక్కువ వాడతారు.

సోషల్‌కి భువన్ ఉంది, ఉపగ్రహ చిత్రాలతో చేసిన మ్యాపుల సైట్, ఇస్రో వాళ్లది, మన హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న వాళ్ల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సి నడుపుతుంది, 2009 నుంచి ఉంది, ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి స్కూల్ భువన్ అని పిల్లల కోసం విడిగా కూడా చేశారు. మీ ఊరి చెరువు, కాలవ, స్కూల్ బిల్డింగ్ పైనుంచి చూపించి మ్యాప్ పాఠం మొదలుపెట్టండి, ఆ రోజు వెనక బెంచీ కూడా ముందుకొస్తుంది. లెక్కలకి జియోజీబ్రా, గ్రాఫులు, జ్యామితి బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్, ఇది కూడా ఉచితమే, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. చేతులతో చేయించే సైన్స్‌కి అరవింద్ గుప్తా గారి సైట్, పనికిరాని వస్తువులతో బొమ్మలు, అక్కడ తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. తెలంగాణ మిత్రులు ఎవరైనా చదువుతుంటే టీ-శాట్ విద్య (రాష్ట్ర ప్రభుత్వ టీవీ ఛానెల్) పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, సబ్‌స్టిట్యూట్ పీరియడ్‌కి, రివిజన్‌కి పనికొస్తాయి, గంట పాఠం గంటా పెట్టేయొద్దు. లిస్ట్ ఇంతే. ఇంకో ముప్పై పేర్లు చెప్పగలను, చెప్పను.

అసలు కష్టం ఏది మంచిదో తేల్చడంలో ఉంది. వ్యూస్ చూసి నమ్మకండి, యానిమేషన్ మెరుపులు చూసి అస్సలు నమ్మకండి. నేను చూసే మొదటి సంగతి, ఆ వీడియో ఎప్పుడు చేశారు. ప్లూటోని 2006లో గ్రహాల లిస్ట్ నుంచి తీసేశారు, ఇప్పటికీ నవగ్రహాలు అని సైన్స్ పాఠం చెప్పే వీడియోలు ఉన్నాయి. కిలోగ్రామ్ అంటే ప్యారిస్ దగ్గర దాచిన లోహపు దిమ్మె అని చెప్తే అది 2019 మే 20 ముందుది, ఆ రోజు నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచనం మారింది. మ్యాపులతో ఇంకా జాగ్రత్త, 2014 జూన్ 2కి ముందు మ్యాపులో మన రెండు రాష్ట్రాలూ ఒకటే, తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యి 2019లో 33 అయ్యాయి, ఆంధ్రాలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి, జమ్మూ కాశ్మీర్ 2019 అక్టోబర్ 31 నుంచి కేంద్రపాలితం. విదేశీ సైట్లలో ఇండియా మ్యాపు సరిహద్దులే వేరేగా ఉంటాయి, సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో పోల్చకుండా క్లాసులో పెట్టొద్దు, ఏ పేరెంటో ఫోటో తీసి పెట్టారంటే ఆ తర్వాత వివరణలు రాసుకోవాల్సింది హెచ్ఎం గారే. సిలబస్ కూడా చూడాలి, మన పుస్తకాలు ఈ మధ్య చాలా మారాయి, యూట్యూబ్‌లో పైకి వచ్చే వీడియోలు చాలా వరకు పాత పుస్తకానివే.

రెండోది, బొమ్మ తప్పు చెప్తుందా అని చూడాలి. మాట కరెక్ట్‌గా ఉండి బొమ్మ తప్పుగా ఉంటే పిల్లలకి బొమ్మే గుర్తుంటుంది. సిరల్ని నీలం రంగులో వేస్తారు, అది గుర్తుపట్టడానికి వేసిన రంగు, పిల్లలేమో ఒంట్లో నీలం రక్తం ఉంటుంది అనుకుంటారు. భూమి కక్ష్యని కోడిగుడ్డులా సాగదీసి వేస్తారు, దాంతో సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అని ఫిక్స్ అయిపోతారు, నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్లు, మనం స్వెటర్లు వేసుకునే రోజులు అవి, జులైలో 15.2 కోట్లు. ఇలాంటి బొమ్మ ఉన్న వీడియో పారేయక్కర్లేదు, ఈ బొమ్మలో తప్పేంటో పట్టుకోండి అని పెట్టొచ్చు, తొమ్మిదో తరగతి వాళ్లకి అది బ్రహ్మాండమైన పీరియడ్.

మూడోది, అది ఎవరి ఊరి సంగతి చెప్తోంది. బయటి దేశాల్లో చేసినవి నాలుగు ఋతువులు అంటాయి, వానాకాలం ఊసే ఉండదు. మిలియన్లు బిలియన్లు అంటాయి, కామాలు వేరే చోట పెడతాయి, ఐదో తరగతి పిల్లాడు లక్షలు కోట్లు నేర్చుకుంటున్న వారంలో అది చూపిస్తే రెండూ పోతాయి. సూర్యుడు నడినెత్తిన రాడు, ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు అని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి, వాళ్ల దేశాల్లో అది నిజమే. మన రెండు రాష్ట్రాలూ కర్కట రేఖకి దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు, హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 అటూ ఇటూగా, దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆగస్టు తేదీ ఇంకొన్ని రోజులు లేటవుతుంది. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు, అయినా ఒక కర్ర నిలబెట్టి నీడ మాయమయ్యేది చూపించగలిగితే ఏ వీడియో దానికి సాటి రాదు. ఆ తేదీని మీ ఊరికి లెక్కకట్టి చెప్పే పేజీలు నెట్‌లో ఉన్నాయి, నా దృష్టిలో మంచి ఆన్‌లైన్ రిసోర్స్ అంటే అది, పిల్లల్ని ప్యానెల్ దగ్గరనుంచి లేపి గ్రౌండ్‌లోకి పంపించేది.

భాష గురించి ఒక్క ముక్క. వీడియోలో మాటలు, పుస్తకంలో మాటలు ఒకటేనా చూడండి. పుస్తకం వడి వేరు, వేగం వేరు అని నేర్పుతుంటే వీడియో రెండిటినీ వేగం అనేస్తుంది. ఈ మధ్య మెషిన్ డబ్బింగ్ తెలుగు కూడా వస్తోంది, దానికన్నా సౌండ్ ఆపేసి మీరే మాట్లాడటం మేలు. నిజంగా చెప్తున్నా, నేను సగం వీడియోలు మ్యూట్‌లోనే వాడతా, ఫ్యాన్ శబ్దంలో వెనక వరస వాళ్లకి ఎలాగూ ఏమీ వినపడదు.

సైట్ ఎవరిదో తేల్చడానికి ఆ సైట్‌లో మా గురించి అనే పేజీ చదివితే లాభం లేదు, అందరూ తమ గురించి గొప్పగానే రాసుకుంటారు. ఇంకో ట్యాబ్ తెరిచి ఆ పేరు గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతకండి. ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు కూడా ఇలాగే చేస్తారు, ఉన్న పేజీలో కిందకి స్క్రోల్ చేస్తూ కూర్చోరు. ఏఐ చాట్‌బాట్లతో ప్రశ్నలు తయారు చేయించుకునేవాళ్లు స్టాఫ్‌లో ఇప్పటికే ఉంటారు, వద్దనకండి, కానీ ప్రతి ప్రశ్నకీ జవాబు తమ చేత్తో రాసి చూసుకున్నాకే క్లాసుకి తేవాలి అని చెప్పండి. ఏఐ గీసిన గుండె బొమ్మలు మాత్రం అస్సలు వద్దు, కవాటాలు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండవు.

నెట్ సంగతి. మీ ఒక్క స్కూల్‌దే కాదు ఈ బాధ, 2023-24 యూడైస్ ప్లస్ (కేంద్రం ఏటా తీసే స్కూళ్ల వివరాలు) లెక్కల్లో దేశం మొత్తంలో ఇంటర్నెట్ ఉన్న స్కూళ్లు 53.9 శాతమే, ఉన్నవాటిలో కూడా ఎంత నడుస్తుందో మనకి తెలుసు. అందుకే నా రూల్, క్లాసులో నెట్ మీద ఆధారపడొద్దు. ఇంట్లోనో హాట్‌స్పాట్‌లోనో ముందురోజే దింపుకోండి. ఫెట్ సిమ్యులేషన్ ఒక్కోటి ఒక్క ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ప్యానెల్ ఆండ్రాయిడ్ వైపు ఒక్కోసారి మొరాయిస్తుంది, అప్పుడు లాప్‌టాప్ పెట్టి హెచ్‌డీఎంఐ తీగ కలపడమే. వికీపీడియా మొత్తాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టుకోడానికి కివిక్స్ అని ఉంది, తెలుగు వికీపీడియా కూడా దొరుకుతుంది. ఒక పాత కంప్యూటర్, ఒక రౌటర్ ఉంటే కొలిబ్రి అనేది పెట్టి స్కూల్ లోపలే నెట్ లేకుండా పాఠాలు నడిపించొచ్చు, కానీ దానికి ఓపిగ్గా చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషి ట్రాన్స్‌ఫర్ అయితే అది మూలన పడుతుంది, కాబట్టి మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు, పెన్‌డ్రైవ్‌తోనే నడపండి. ఫోల్డర్ పేర్లు తరగతి, సబ్జెక్ట్, పాఠం నంబర్ ఆ వరసలో పెట్టండి, న్యూ ఫోల్డర్ త్రీ అని కనిపిస్తే అప్పుడే పేరు మార్చేయండి.

దింపి దాచుకోవడానికి ఇంకో కారణం, ఈ సైట్లు శాశ్వతం కాదు. బ్రౌజర్‌లో యానిమేషన్లు ఆడించే ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది, దాంతో ఎన్ని మంచి యానిమేషన్లు పోయాయో లెక్కలేదు. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డ్ 2024 చివర్లో మూసేశారు, దాని మీద పాఠాలన్నీ తయారు చేసుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. ఏ టూల్ అయినా, ఇది రేపు పోతే నా పాఠం నా దగ్గర ఉంటుందా అని అడిగి మొదలుపెట్టండి.

కాపీరైట్ గురించి స్టాఫ్‌లో ఒకరు భయపెడతారు, ఒకరు అసలు పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో పాఠం చెప్పే క్రమంలో టీచర్ వాడుకోడానికి మినహాయింపు ఉంది, 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని విశాలంగానే అర్థం చేసుకుంది. క్లాసులో చూపించడం వేరు, వేరేవాళ్ల వీడియోని మన ఛానెల్లో ఎక్కించడం వేరు, రెండోది వద్దు. క్రియేటివ్ కామన్స్ (వాడుకోవచ్చని చేసినవాళ్లే ముందే ఇచ్చే లైసెన్స్) గుర్తు ఉంటే పేరు చెప్పి నిశ్చింతగా వాడుకోండి.

పిల్లల వివరాల విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. ఏ యాప్ అయినా పిల్లల పేరు, ఫోన్ నంబర్ అడిగితే వద్దు అనేయండి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, పిల్లల్ని ట్రాక్ చేసి యాడ్లు వేయకూడదు. టీచర్ ఒక్క లాగిన్‌తో అందరికీ చూపిస్తే చాలు. ఉచిత డెమో అని వచ్చే కంపెనీ కుర్రాళ్లు ఉంటారు, టీలు తాగి, పిల్లలకి ఒక టెస్ట్ పెట్టి, పేరెంట్స్ నంబర్లు పట్టుకెళ్తారు, ఆ సాయంత్రం నుంచే ఇళ్లకి ఫోన్లు మొదలవుతాయి. 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖే ఎడ్‌టెక్ కంపెనీలతో జాగ్రత్త అని, ఆటో డెబిట్‌కి ఒప్పుకోవద్దని అడ్వైజరీ ఇచ్చింది, దాని ప్రింట్ తీసి హెచ్ఎం గారి టేబుల్ అద్దం కింద పెట్టండి, మీరు వాదించే పని తప్పుతుంది.

చివరిగా స్టాఫ్‌ని ఎలా కదిలించాలి అన్నారు కదా. ట్రైనింగ్ పెట్టొద్దు. నెలకి ఒక్కో టీచర్ ఒక్క రిసోర్స్, అంతే. వాడాక ఒక రిజిస్టర్‌లో నాలుగు లైన్లు రాయాలి, ఏ పాఠం, వీడియోలో ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం వరకు, ముందు పిల్లల్ని ఏం అడిగారు, తర్వాత రోజు అదే అడిగితే ఎంతమంది చెప్పారు. ఆఖరి లైన్ ముఖ్యం, పిల్లలు ఎంజాయ్ చేశారు అని రాస్తే ఒప్పుకోవద్దు, ఎంతమంది చెప్పారో అంకె రాయమనండి. బాగా పనిచేసింది పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, లేనిది డిలీట్. సీనియర్ సార్లు కొంతమంది మాకెందుకివన్నీ అంటారు, వాళ్లని ప్యానెల్ ముట్టుకోమని ఒత్తిడి చేయకండి, పిల్లలు ఎక్కడ తడబడతారో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు, ఆ లిస్ట్ వాళ్ల దగ్గర తీసుకోండి, వెతికే పని కొత్తగా డీఎస్సీలో వచ్చిన వాళ్లకి అప్పజెప్పండి. జంటలుగా బాగా నడుస్తుంది. ఫోటో అప్‌లోడ్ కోసం ప్యానెల్ ఆన్ చేసే రోజులు ఎలాగూ ఉంటాయి, వాటిని రిజిస్టర్‌లోకి రానివ్వకండి.

మీ ప్యానెల్‌కి లోపల కంప్యూటర్ ఉందా, లేక ఆండ్రాయిడ్ ఒక్కటేనా, అది చెప్పండి. అలాగే మీది ఏ సబ్జెక్ట్, మొదట ఏ తరగతితో మొదలుపెడదాం అనుకుంటున్నారో రాస్తే ఆ పాఠాలకి నా పెన్‌డ్రైవ్‌లో ఏమున్నాయో చూసి చెప్తా.